అమ్మవారి కింది బటన్

మా కారులో గేరు రాడ్డు పక్కన ఒక గుండ్రటి బటన్ ఉంది. దాని మీద ఇంగ్లీషులో 'స్పోర్ట్' అని రాసి ఉంటుందని ఇంట్లో అందరూ మరిచిపోయి రెండేళ్లయింది. చూసేవాళ్లకు అక్కడ భద్రకాళి అమ్మవారు కనిపించేది.

కారు కొన్న రోజు షోరూం నుంచి నేరుగా గుడికే తీసుకెళ్లాం. పూజారి బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేశాడు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించాడు. మా అత్తమ్మ శారదమ్మ గుడి బయట దుకాణంలో రూపాయి బిళ్లంత అమ్మవారి స్టిక్కర్ ఒకటి తీసుకుంది. దాన్ని ఎక్కడ అంటించాలన్నది పెద్ద చర్చ అయింది. డాష్‌బోర్డు మీదైతే ఎండకు వెలిసిపోతుంది. అద్దం మీదైతే రోడ్డు కనబడదు. అత్తమ్మ కళ్లజోడు సవరించుకుని కారంతా ఒకసారి పరికించి, గేరు పక్కన సరిగ్గా రూపాయి బిళ్లంత నున్నటి జాగా కనిపెట్టింది.

"కంపెనోల్లు అమ్మవారి కోసమే పెట్టినట్టున్నరు" అని అంటించేసింది.

మావారు శ్యాంసుందర్ ముఖంలో ఆ క్షణాన కనిపించిన ప్రశాంతత నాకింకా గుర్తుంది. టెస్ట్ డ్రైవ్ రోజు షోరూం అబ్బాయి ఆ బటన్ ఒత్తి చూపించినప్పుడు ఇంజన్ గొంతు మారింది, కారు ముందుకు ఉరికింది, ఈయన కిటికీ పైన ఉండే పిడిని రెండు చేతులతో పట్టుకున్నారు. దిగాక అడిగిన మొదటి ప్రశ్న, "ఇది తీసేసి ఇస్తరా?" అని. వాళ్లు కుదరదన్నారు. అమ్మవారు కుదిర్చింది.

ఆయన బండి నడిపితే నలభై. నలభై ఒకటి అయితే అది వాలు వల్ల. కళ్లు సగం రోడ్డు మీద, సగం స్పీడోమీటరు కింద వెలిగే మైలేజీ అంకె మీద ఉంటాయి. "పందొమ్మిది పాయింట్ రెండు" అని మధ్యమధ్యలో స్కోరు చెప్పినట్టు చెబుతారు. ముందు లారీ ఉంటే దాటరు. "దాటుడెందుకు? అది గూడ అటే పోతాంది గద" అంటారు. మా అమ్మాయి అక్షర ఒకసారి తొర్రూరు పెళ్లికి వెళ్తూ దారిలో ఒక నవల మొదలుపెట్టి, దిగేలోపు ముగించింది.

నాకూ లైసెన్సు ఉంది. కూరగాయలకూ, పిండి మరకూ నేనే తీసుకెళ్తాను. కారుతోపాటు ఇచ్చిన పుస్తకాన్ని ఇంట్లో చివరిదాకా చదివింది కూడా నేనొక్కదాన్నే. బీఎస్సీ చదివి ఇరవై మూడేళ్లుగా పప్పులో ఉప్పు చూస్తున్న మనిషికి మధ్యాహ్నం పూట అదీ చదువే. స్పోర్ట్ మోడ్ అంటే అతివేగం కాదని, తొక్కిన వెంటనే అందుకోవడమని అందులో చక్కగా రాశారు. ఇవన్నీ తెలుసుకుని నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మవారి ముఖం మీద వేలు పెట్టి ఒత్తుతానని అత్తమ్మతో చెప్పే ధైర్యం బీఎస్సీలో నేర్పరు.

ఇక సంచి సంగతి చెప్పాలి.

మాది వరంగల్ బజారులో బట్టల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. మా మామగారు దుకాణానికి అత్తమ్మ పేరే పెట్టారు, శారదా క్లాత్ స్టోర్స్ అని. బట్టలు కొన్నవాళ్లకు ఎర్రటి అక్షరాలున్న పసుపు గుడ్డ సంచి ఇస్తాం. గట్టి సంచి. పదేళ్లయినా చిరగదు. అందుకే ఈ చుట్టుపక్కల ప్రతి మూడో చేతిలో మా సంచే ఉంటుంది. మా ఇంట్లోనైతే అన్నీ అందులోనే ఉంటాయి. బియ్యంలోకి వేపాకు, అత్తమ్మ కంటి ఆపరేషన్ కాయితాలు, కరెంటు బిల్లులు, దీపావళికి మిగిలిన కాకరపువ్వొత్తులు. ఏ సంచిలో ఏముందో నాకు బరువును బట్టి తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

అక్షర సర్టిఫికెట్లను ఫైల్లో పెట్టి, ఫైలును ప్లాస్టిక్ కవర్లో చుట్టి, కవరును మా సంచిలో పెట్టింది నేనే. అది ముందే ఒప్పుకుంటున్నాను. ఆ రోజు వాన పడేలా ఉంది. పదకొండున్నరకు హనుమకొండలో ఇంజనీరింగ్ కౌన్సెలింగుకు సర్టిఫికెట్ల పరిశీలన. మొదట ఇచ్చిన తేదీకి పిల్ల జ్వరంతో పడుకుంది. ఇది చివరి రోజు, చివరి అవకాశం. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, అన్నీ అసలువే చూపించాలి. చూపించకపోతే మంచి ర్యాంకు వచ్చిన పిల్ల ఇంట్లో కూర్చుని నాతోపాటు కారు పుస్తకం చదువుకోవాలి.

ఉదయం ఎనిమిదిన్నరకు ఎల్లస్వామి వచ్చాడు. ములుగు అవతలి పల్లెలో వ్యవసాయం. ముప్పై ఏళ్లుగా మా దుకాణానికే వస్తాడు. మూడు రోజుల్లో కూతురు సింధు పెళ్లి, పెళ్లి పట్టుచీర తీసుకోవడానికి వచ్చాడు. వాళ్ల ఇంట్లో ఒక పట్టింపు ఉంది. చీర కింద ఎంచుకున్నా, సంచి మాత్రం పైకి తెచ్చి మా అత్తమ్మ చేతి మీదుగా తీసుకోవాలి. ఎల్లస్వామి పెళ్లికి చీర అలాగే తీసుకున్నారట, ఆ కాపురం చల్లగా ఉందట, అప్పటినుంచి ఆ ఊళ్లో సగం మందికి అదే ఆనవాయితీ. అత్తమ్మ కూడా దాన్ని తేలిగ్గా తీసుకోదు. బొట్టు పెట్టుకుని, తూర్పుకు తిరిగి, కళ్లు మూసుకుని, లోపల ఏదో అనుకుని సంచి అందిస్తుంది.

ఆ రోజూ అలాగే చేసింది. కళ్లు మూసుకుంది. బల్ల మీద రెండు సంచులున్నాయి. చేతికి తగిలినదాన్ని ఇచ్చింది. ఎల్లస్వామి దాన్ని కళ్లకద్దుకుని, నేనిచ్చిన టీ తాగి, "పొయ్యొస్త పెద్దమ్మా, పెండ్లికి అందరు రావాలె. చెల్లె, నువ్వు బావను తీస్కరావాలె" అని నాకూ చెప్పి, ములుగు బస్సుకు వెళ్లిపోయాడు.

పది గంటలకు పది నిమిషాలుందనగా అక్షర సంచి విప్పింది. లోపల్నుంచి ఆకుపచ్చ పట్టుచీర, ఎర్ర అంచు, పైన పసుపు కొమ్ములు.

"మమ్మీ, నా టెన్త్ మెమోకు జరీ అంచు వచ్చింది" అంది.

నవ్వబోయి ఆగిపోయింది. ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. అత్తమ్మ మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"కండ్లు మూసుకొని ఇచ్చిన" అంది. "ఎప్పుడైన కండ్లు మూసుకొనే ఇస్త గద."

కిందికి పరుగెత్తాను. శ్రావణమాసం, దుకాణం నిండా జనం. మావారి దగ్గర ఎల్లస్వామి ఫోన్ నంబరు లేదు. "ముప్పై ఏండ్ల గిరాకీకి నంబరెందుకు? పండుగొస్తె ఆయనే వస్తడు" అన్నారు. విషయం అర్థమయ్యాక ముఖం తెల్లబడింది. తాళాలు తీసుకుని, "ఫికర్ చెయ్యకు శోభా, నేను పోయి తెస్త" అన్నారు.

నేను మనసులో లెక్క కట్టాను. తొమ్మిది ఇరవైకి బయల్దేరిన బస్సు గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోతుంది. పది గంటలకు బయల్దేరిన భర్త గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోతాడు. ఇద్దరూ ఎక్కడ కలుస్తారు? ఏటూరునాగారం దాటినా కలవరు.

"గిరాకీ ఉంది, మీరు దుకాణం చూసుకోండి" అని తాళాలు ఆయన చేతిలోంచి తీసుకున్నాను. ఆయన వదల్లేదు. ఇంకొంచెం గట్టిగా తీసుకున్నాను.

అక్షర ర్యాంకు కార్డు పట్టుకుని ఆటోలో హనుమకొండకు వెళ్లింది, లైనులో నిలబడి ఉంటానని. నేను కారు తీసేసరికి ముందు సీట్లో అత్తమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో పట్టుచీర సంచి.

"మీరెందుకు అత్తమ్మా, కుదుపులకు నడుం పట్టుకుంటది."

"తప్పు సంచి ఇచ్చిన చెయ్యి ఇది. అసలు సంచి గూడ ఇదే ఇయ్యాలె. నువ్వు నడుపు."

ములుగు రోడ్డు ఎక్కాం. ఆరెపల్లి దాటగానే ఇసుక లారీలు. గోదావరికి ఖాళీగా వెళ్లేవి మా ముందు, నిండుగా వచ్చేవి ఎదురుగా. నా ముందు మూడు లారీలు వరుసగా, ఊరేగింపుకు పోతున్నట్టు పోతున్నాయి. ఎదురుగా కాస్త ఖాళీ కనిపించినప్పుడల్లా నేను యాక్సిలరేటర్ తొక్కాను. మామూలు మోడ్‌లో మా కారు తొక్కగానే కదలదు. ముందు వింటుంది, ఆలోచిస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లను అడుగుతుంది, వాళ్లు సరేనన్నాక కదులుతుంది. ఆ లోపల ఎదురు లారీ వచ్చేస్తుంది. మూడుసార్లు పక్కకు వెళ్లి మూడుసార్లూ వెనక్కి వచ్చాను.

దామెర క్రాసు దగ్గర అత్తమ్మ నా భుజం పట్టుకుంది. "ఆగు, ఆగు, మన సంచి!"

రోడ్డు పక్కన ఎవరో మా పసుపు సంచితో నిలబడి ఉన్నారు. గబాలున ఆపాను. ఒకామె. అత్తమ్మ అద్దం దించి సంచి విప్పమంది. ఆమె విప్పింది. సొరకాయలు. మూడు. ఆమె మమ్మల్ని కిందికీ పైకీ చూసి, "ఆత్మకూరు దాక ఎక్కించుకుంటరా?" అని అడిగింది. కారు తిరిగి రోడ్డెక్కేసరికి నేను అప్పటికి దాటిన ఒకే ఒక్క ట్రాక్టరు కూడా మళ్లీ నా ముందుకు వచ్చేసింది. ఆమెను ఎక్కించుకున్నామా అంటే, లేదు. అందుకు ఇప్పటికీ మనసులో ఒక మూల గుచ్చుకుంటుంది.

"ఇగ సంచులు చూడకండి అత్తమ్మా. బస్సును చూడండి" అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. ఆమె ఒళ్లో సంచిని దగ్గరికి తీసుకుంది.

గూడెప్పాడు దాటాం. పది ఇరవై అయింది. ఆ లారీలు అలాగే ఉన్నాయి. నా చూపు గేరు పక్కకు పోతోంది, వస్తోంది.

"ఏంది, అమ్మవారి దిక్కు మాటిమాటికి చూస్తానవ్?" అంది అత్తమ్మ. "మొక్కుకున్నది చాలు, రోడ్డు చూడు."

ఇక దాచి లాభం లేదనిపించింది. "అమ్మవారి కింద ఒక బటన్ ఉంది అత్తమ్మా."

"ఏం బటన్?"

"అది ఒత్తితే బండి జల్ది అందుకుంటది. లారీని దాటొచ్చు."

అత్తమ్మ బటన్ వైపు చూసింది. లారీ వెనక వైపు చూసింది.

"రెండేండ్ల సంది ఉన్నదా?"

"మొదటి నుంచే ఉన్నది."

"శ్యాంకు తెలుసా?"

"తెలుసు."

"అక్షరకు?"

"తెలుసు."

"అంటే ఇంట్ల నాకొక్కదానికే తెల్వదు." నా వైపు తిరిగింది. "ఒక్కనాడన్న చెప్పలె."

"మీరు అంటించినంక ఎవరు చెప్తరు అత్తమ్మా?"

ఆమె కొంగుతో చేతివేళ్లు తుడుచుకుంది. వంగి, గోటితో స్టిక్కర్ అంచు లేపుతూ, గుళ్లో గర్భగుడి ముందు నిలబడి మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది. "తల్లీ, జర జరుగు. నీ మీద ఏలు పెడ్తలేము. నువ్వు కూసున్న పీట కింద పనుంది. పిల్లది చదువుకోవాలె."

రెండేళ్ల జిగురు. అయినా అమ్మవారు ఎక్కడా చిరగకుండా వచ్చేసింది. అత్తమ్మ చూపుడువేలి కొసన నిలబడింది.

"ఏడ పెట్టాలె? కింద పెట్టరాదు."

నా రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. నేను గడ్డంతో చూపించాను. "ఇగో, ఇక్కడ పెట్టండి. నా కండ్ల ముందట ఉంటది."

"ఈ నంబరు వెలుగుతాంది, దీని మీదనా?"

"దాని మీదనే. అది అంత ముఖ్యం కాదు."

పదిహేడు పాయింట్ ఆరు అన్న అంకె అమ్మవారి వెనక్కి వెళ్లిపోయింది.

"ఇప్పుడు ఒత్తనా?" అని అడిగాను.

"నువ్వు రోడ్డు చూడు. నేను ఒత్తుత" అంది అత్తమ్మ. పెళ్లికూతురికి బొట్టు పెట్టినట్టు, బొటనవేలితో నిదానంగా, గట్టిగా ఒత్తింది.

ఎర్రటి అక్షరం ఒకటి వెలిగింది. ఇంజన్ గొంతు ఒక మెట్టు కిందికి దిగింది. ఎదురు రోడ్డు దూరందాకా ఖాళీగా ఉంది. తొక్కాను. ఈసారి కారు ఎవరినీ అడగలేదు. ఒక లారీ పక్కన ఉంది, ఆ తర్వాత వెనక ఉంది. మళ్లీ ఖాళీ చూసుకుని రెండోది. ఆ తర్వాత మూడోది. నా వీపు సీటుకు ఆనుకుంది. ఇరవై మూడేళ్లలో ఎవరూ నా మాట ఇంత తొందరగా వినలేదు.

అత్తమ్మ కళ్లు మూసుకుందేమోనని ఓరగా చూశాను. తెరిచే ఉంది. రెండు చేతులతో సంచిని పట్టుకుని ముందుకు వంగి చూస్తోంది.

"ముందర ఇంకోటి ఉన్నది" అంది.

ఆత్మకూరు దాటాం. చినుకులు మొదలయ్యాయి. కటాక్షపూర్ చెరువు దగ్గర ఇంకో లారీని దాటుతున్నాను. బస్సు ములుగు దగ్గర దొరుకుతుందని నా అంచనా. అక్కడ పట్టుకుని వెంటనే తిరిగినా, పదకొండున్నరకు చేరడం ఎలాగో లెక్క తేలడం లేదు. సరిగ్గా అప్పుడే అత్తమ్మ మళ్లీ నా భుజం పట్టుకుంది.

"ఆగు."

రోడ్డుకు అవతలి పక్క, కట్ట మీద ఒక మనిషి. పసుపు సంచి. కళ్ల ముందు నుంచి దాటిపోయాడు.

"అత్తమ్మా, సొరకాయలు."

"ఆగుమంటాన్న."

"ఇప్పుడు ఆగితే బస్సు దొరకదు. పిల్లకు టైం లేదు."

"శోభా." గొంతు పెంచలేదు. "వాన పడుతాంది. ఆయన గొడుగు సంచికి పట్టి తాను తడుస్తాండు. సొరకాయలకు గొడుగు ఎవలు పడ్తరు?"

నా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది.

వెనక లారీలు పోయేదాకా ఆగి, కారు తిప్పుకుని వచ్చాను. ఎల్లస్వామే. తెల్ల చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. సంచి మీద ఒక్క చుక్క లేదు.

"మీరొస్తరని తెలుసు" అన్నాడు నవ్వుతూ. "గని ఇంత జల్ది వస్తరనుకోలె. సేటు నడిపితే పొద్దుగూకుతది గద."

జరిగింది చెప్పాడు. బస్సులో పక్క సీటాయనకు బిడ్డ పెళ్లిచీర చూపిద్దామని సంచి విప్పాడట. "చూస్తె కాయితాలు. చదువు రాకున్నా మొకం గుర్తుపడ్త గద, మన అక్షర ఫోటో ఉన్నది. ఇయ్యి పిల్లల పానం అసొంటి కాయితాలని తెలుసు. ఆడనే దిగిన." సంచి మీదున్న నంబరుకు తన చిన్న ఫోన్ నుంచి చేశాడట. ఆ నంబరు తీసేసి పదకొండేళ్లయింది. సంచుల అచ్చు మార్చడం దండగని మావారు అదే కొనసాగిస్తున్నారు. "ఒకామె ఎత్తింది. ఇంగ్లీషుల చెప్పె, తెలుగుల చెప్పె. నేను పెద్దమ్మకు ఇయ్యమన్న. ఇయ్యలె." తిరిగి వరంగల్ వచ్చేద్దామని ఇవతలి పక్క నిలబడితే రెండు బస్సులు ఆపకుండా పోయాయట.

అత్తమ్మ కారు దిగింది. వద్దంటున్నా వినలేదు. వానలోనే తూర్పు ఎటో చూసుకుని నిలబడి చీర సంచి రెండు చేతులతో అందించింది.

"ఈసారి కండ్లు తెర్సుకొని ఇస్తాన్న, ఎల్లస్వామీ."

అతను కళ్లకద్దుకున్నాడు. నేను ఫైలు తీసి చూశాను. అన్నీ ఉన్నాయి.

"అన్నా, కారెక్కు. ములుగు దాక దింపుత" అన్నాను. ఆ మాట ఎంత నిజంగా అన్నానో, అంత నిజంగానూ లోపల గడియారం కొట్టుకుంటోంది.

"యాల్ల ఎంతైంది?"

"పదీ నలభై."

"బిడ్డది ఎన్ని గంటలకు?"

"పదకొండున్నరకు."

"మరి నాతోటి ముచ్చటేంది చెల్లె? మర్లుండ్రి, మర్లుండ్రి. నాకు బస్సులకు కొదువనా?" గొడుగు ఊపుతూ మమ్మల్ని తోలేశాడు. అద్దంలో చూశాను. కట్ట మీద నిలబడి, మళ్లీ గొడుగు సంచికే పట్టాడు. ఈసారి తన సంచికి.

వచ్చేటప్పుడు లారీలను అత్తమ్మే చూసి చెప్పింది. "ఎదురుంగ వస్తాంది, ఆగు" అంటే ఆగాను, "ఇప్పుడు ఖాళీ" అంటే తొక్కాను. పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరం ఒక్క చారు విషయంలోనైనా ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ నలభై నిమిషాలు మాత్రం ఒక్క బుర్రతో పని చేశాం.

దారిలో మావారు ఫోన్ చేశారు. అత్తమ్మ ఎత్తి స్పీకర్‌లో పెట్టింది.

"దొరికినాయమ్మా?"

"దొరికినయ్. వస్తాన్నం."

"ఆ సప్పుడేంది?"

"నీ కారు గొంతు, శ్యాం. రెండేండ్లకు నోరిప్పింది" అని పెట్టేసింది.

పదకొండు ఇరవై నాలుగుకు సెంటర్ గేటు ముందు ఆగాం. అక్షర లైనులో వెనకవాళ్లను ఒక్కొక్కరినీ తన ముందుకు పంపిస్తూ తలుపు దగ్గరే నిలబడి ఉంది. పదహారు మందిని పంపానని తర్వాత చెప్పింది, అందులో ఒకడు థాంక్స్ కూడా చెప్పలేదట. సంచి తీసుకుని లోపలికి పరుగెత్తింది. నేనూ అత్తమ్మా కారులో కూర్చున్నాం. నేను ఆమెకు నీళ్ల సీసా ఇచ్చాను. తాగి, మూత పెట్టి అంది.

"దామెర కాడ నిన్ను అనవసరంగ ఆపిన."

"కటాక్షపూర్ కాడ ఆపిండ్రు గద అత్తమ్మా. మీరు లేకుంటే నేను దాటిపోయేదాన్నే."

ఆ మాట మర్యాదకు అనలేదు. నేను బస్సు వెంట పడ్డాను. ఆమె మనిషిని వెతికింది. ఎంత వేగంగా పోయినా, ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్లు పక్కన లేకపోతే నేను ఖాళీ బస్సును పట్టుకుని ఉండేదాన్ని.

పన్నెండుంబావుకు అక్షర రసీదు పట్టుకుని బయటికి వచ్చింది. కారెక్కుతూనే చూసింది. "అమ్మవారేది? ఓ, షిఫ్ట్ అయిందా. డాడీకి చెప్పిండ్రా?"

"చూసుకుంటడు" అంది అత్తమ్మ.

మూడో రోజు పెళ్లికి బయల్దేరినప్పుడు ఆయన చూసుకున్నారు. బజారు మలుపు తిరగకముందే, "శోభా, ఇదేంది, మైలేజీ కనబడ్తలేదు" అన్నారు.

"అమ్మవారు కనబడుతలేదా?" అన్నాను.

ఆయన గోరు స్టిక్కర్ అంచు దాకా వెళ్లింది. వెనక సీట్లోంచి అత్తమ్మ, "శ్యాం, చెయ్యి తియ్యి" అంది. తీశారు. దారి పొడవునా ఎంత మైలేజీ వస్తోందో తెలియక పాపం ఆయన మొదటిసారి రోడ్డును పూర్తిగా చూశారు. కటాక్షపూర్ చెరువు ఇంత అందంగా ఉంటుందా అని కూడా అన్నారు. ఒక లారీని దాటారు. ఇద్దరు ఆడవాళ్లు చూస్తున్నారని కావచ్చు.

సింధు ఆకుపచ్చ పట్టుచీరలో పందిట్లో కూర్చుని ఉంది. ఎల్లస్వామి మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టి, మళ్లీ పనిలో పడిపోయాడు. భోజనాల దగ్గర అతని భార్య మొగిలమ్మ అత్తమ్మ పక్కన కూర్చుంది.

"ఆనాడు ఇంటికొచ్చేసరికి రెండున్నర దాటింది పెద్దమ్మా" అని నవ్వింది. "బస్సులు ఆపలేదట. చెరువు కాడికెల్లి మల్లంపల్లి దాక నడిచిండట. చీర రాలేదని పసుపు పని ఆపి కూసున్నం, చుట్టాలందరు నన్ను అడుగుడు. ఏడ పోయినవయ్యా అంటే ఏమన్న చెప్తడా? సంచి మారింది అంటడు, అంతే."

మా విస్తళ్లలో వంకాయ కూర వడ్డిస్తున్నారు. మావారు చెయ్యి ఆపేశారు. అత్తమ్మ తల దించుకుని అన్నం కలుపుతూనే ఉంది, చాలాసేపు. కారెక్కమంటే అతను బస్సులకు కొదువా అని ఎందుకు అన్నాడో, గొడుగు ఊపి మమ్మల్ని ఎందుకు అంత తొందరపెట్టాడో నాకు అప్పుడు తెలిసింది. కిలోమీటర్ల లెక్కలన్నీ కట్టిన నేను ఆ ఒక్క మనిషి నడక లెక్కలో వేయలేదు.

లేచి వెళ్లి ఎల్లస్వామికి ఏదో చెప్పాలని చూశాను. అతను అన్నం గంజు మోస్తున్నాడు. "తిన్నరా చెల్లె? పెరుగు పోసుకున్నరా?" అన్నాడు. పోసుకున్నామన్నాను. మావారు మాత్రం తన ఫోన్ తీసి, అతని నంబరు అడిగి, నిలబడి ఎక్కించుకున్నారు. అతని ఫోన్‌లో తన నంబరు తానే కొట్టి ఇచ్చారు. సంచుల అచ్చు కూడా మారుస్తానని వచ్చే దారిలో చెప్పారు.

బయల్దేరేటప్పుడు ఎల్లస్వామి పరుగున వచ్చి అత్తమ్మ చేతికి ఒక పసుపు సంచి ఇచ్చాడు. మా సంచే. పాతది, ఉతికి ఉతికి మెత్తబడింది.

"మా పెరట్ల కాసినయ్ పెద్దమ్మా. లేతయి."

అత్తమ్మ విప్పి చూసింది. సొరకాయలు.

ఆమె నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. కారు పందిరికి కొంచెం దూరంగా ఆపి ఉంది. చినుకులు మొదలయ్యాయి. అత్తమ్మ గొడుగు తెరిచింది. కారు దాకా, తాను తడుస్తూ, దాన్ని సంచికే పట్టింది.